ఉప్పమ్మ ఉపవాసం

సీసాల ఫ్యాక్టరీ క్యాంటీనులో ముప్పై ఏళ్లుగా వంట చేస్తున్న మనిషిని ఎవరూ అసలు పేరుతో పిలవరు. ఆమె చేతి ఉప్పు ఏనాడూ చిటికెడు ఎక్కువ కాలేదు, చిటికెడు తక్కువ కాలేదు. అందుకని ఉప్పమ్మ అన్నారు. చివరికి హాజరు పట్టీలో కూడా ఆ పేరే ఎక్కి కూర్చుంది.

రోజూ రెండు వందల మందికి ఆరు గిన్నెలు దించాలి. గిన్నెలంటే ఇంట్లో అటకెక్కించే గిన్నెలు కావు. ఒక్కోదాంట్లో మేకపిల్ల ఈత కొట్టొచ్చు. రెండింటిలో అన్నం, రెండింటిలో గింజల కూర, ఒకదానిలో దుంపలు, ఒకదానిలో మాంసం. ఇంత వండే మనిషి ఆఖరి కంచం కడిగి బోర్లించేదాకా మెతుకు ముట్టదు. ఆమెకు ముందు ఆ పొయ్యి దగ్గరున్న వంటవాడు గిన్నెలోంచి మాంసం ముక్కలు ఏరుకు తింటూ దొరికిపోయాడు, గరిటె వదిలేసి గేటు దాటాడు. అతని చోట చేరిన రోజున ఉప్పమ్మ, ఇంటాయన పోయి ఏడాదైనా తిరగలేదు, చంకలో పిల్లాడు, పొయ్యి ముందు నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది.

"మీలో ఆఖరివాడు చెయ్యి కడుక్కునేదాకా నా నోట్లో ఏదీ పడదు. పడగా ఎవరైనా చూస్తే ఆ రోజే వెళ్లిపోతాను."

ఆ మాట మీదే ముప్పై ఏళ్లు బతికింది. ఆకలి తన మాట వింటుందని ఆమెకు గర్వం. తెల్లారి అయిదింటికి వచ్చి మధ్యాహ్నం రెండు దాటేదాకా ఖాళీ కడుపుతో కొండంత గిన్నెలు దించే మనిషిని చూసి తోటివాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. తనను తాను చూసుకుని ఆమే ముక్కున వేలేసుకున్న రోజులూ ఉన్నాయి.

రుచి చూడటం వేరే సంగతి. అది పని. గరిటెతో ఇంత తీసి ఎడమ అరచేతిలో వేసుకుని, ఊదుకుని, నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని ఆలోచిస్తుంది. ముక్క ఉడికిందో లేదో తెలియాలంటే నమలాలి. నమిలాక ఉమ్మేస్తే అన్నానికి మర్యాద కాదు. కంసాలి రాయి మీద బంగారం గీసి చూస్తాడు, అంతమాత్రాన బంగారం కాజేసినట్టా? ఉప్పమ్మ లెక్క అదీ. ఆ లెక్కను ఎవరూ తప్పు పట్టలేదు, ఎందుకంటే ఆ లెక్క ఎవరూ వేయలేదు.

ఇంట్లో మాత్రం ఈ లెక్క కోడలికి వర్తించదు. కాపురానికొచ్చిన వారంలో ఆ పిల్ల పొయ్యి మీది గిన్నెలోంచి ఒక దుంపముక్క తీసి నోట్లో వేసుకుంటూ కంటబడింది. ఇంటినిండా చుట్టాలు. "మా ఇంట్లో వండే చెయ్యి వేరు, తినే చెయ్యి వేరు అమ్మాయ్" అని ఉప్పమ్మ నలుగురిలో అనేసింది. చుట్టాలు నవ్వారు. కోడలు నవ్వలేదు. పదకొండేళ్లయింది, ఆ తర్వాత వంట చేస్తూ నోట్లో ఏదీ వేసుకోలేదు. దాంతో కూరల్లో ఉప్పు ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. దానికీ చీవాట్లే. రుచి చూడనివ్వదు, రుచి లేదని ఊరుకోదు. అత్తగారంటే అత్తగారే మరి.

ఒకరోజు సాయంత్రం ఆరింటి సైరన్ మోగుతుండగా, క్యాంటీను తాళం వేస్తున్న ఉప్పమ్మకు బొడ్డు దగ్గర ఎవరో వేలితో పొడిచినట్టయింది. గాలి చేసిందనుకుంది. ఇంటికొచ్చి ఏమీ తినకుండా పడుకుంది. తెల్లారేసరికి నొప్పి బొడ్డు దగ్గర్నుంచి జరిగి కుడివైపు కింద తిష్ఠ వేసింది. అడుగు తీసి అడుగు వేస్తే చురుక్కుమంటోంది. ఇంట్లో చెబితే ఆగిపొమ్మంటారని, కోడలు లేవకముందే బయల్దేరింది. కొడుకు లారీ మీద వెళ్లి నాలుగు రోజులైంది, ఇంకో వారానికి గాని రాడు.

ఆ రోజు వంట ఆమెకు లొంగలేదు. నోరు చేదు. నాలుక మీద చెక్కపొట్టు పరిచినట్టుంది. గింజల కూర ఒకసారి చూసింది, ఉప్పు తెలియలేదు. రెండోసారి చూసింది, తెలియలేదు. ఎప్పుడూ మూడుసార్లు చూసేది ఆ రోజు ఆరుసార్లు చూసింది. కడుపులో తిప్పుతున్నా పళ్లు బిగించి మింగింది. ఇంకా అనుమానం తీరక గిన్నె గిన్నెకీ తిరిగి మళ్లీ చూసింది. అయిదు గిన్నెలయ్యాయి. ఆరో గిన్నె దగ్గరికి, అంటే మాంసం దగ్గరికి వచ్చేసరికి పదకొండు గంటలు. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టింది. అంతే, కుడివైపు ఎవరో కొడవలి వేసి లాగినట్టయింది. గోడ పట్టుకుని, గోడ కూడా నిలవక, బస్తాల మీద కూలబడింది.

కూరగాయలు తరిగే ఆవిడ, అక్కడందరూ ముక్కలక్క అంటారు, కత్తి పడేసి పరుగెత్తుకొచ్చింది.

"వదినా, ఎక్కడ?"

ఉప్పమ్మ చెయ్యి పెట్టి చూపించింది. ముక్కలక్క ముఖం పాలిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"నిన్న ఆరింటి సైరన్ నుంచి."

"చంపావు. ఇది ఇరవై నాలుగ్గంటల నొప్పి వదినా. మా పెదనాన్నకి ఇక్కడే వచ్చింది. ఇరవై నాలుగ్గంటలు దాటి అరగంట కాలేదు, పోయాడు."

ఓదార్చడానికి వచ్చినవాళ్లలో ఇలాంటివాళ్లు ఒక్కరుంటే చాలు, రోగం తన పని తాను చూసుకోనక్కర్లేదు. ఆ క్షణం నుంచి ఉప్పమ్మ తలలో గడియారం ఒకటి మొదలైంది. నిన్న ఆరు నుంచి ఇవాళ ఆరు. ఇప్పుడు పదకొండు. ఇంకా ఏడు గంటలు.

ప్యాకింగ్ షెడ్డులో పనిచేసే కోడలికి కబురెళ్లింది. తలకు కట్టుకున్న గుడ్డ కూడా విప్పకుండా వచ్చింది. ఫ్యాక్టరీ వ్యాను వెనక సీసాల పెట్టెల పక్కన అత్తను పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుంది. దారిలో గుంట వచ్చినప్పుడల్లా సీసాలు గలగలమన్నాయి, ఉప్పమ్మ మూలిగింది.

"పొద్దున నొప్పి అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది అత్తయ్యా?"

"అంటే నువ్వు వంటకి పోనిస్తావా?"

"పోనివ్వను."

"అందుకే అనలేదు."

ఆసుపత్రిలో ఆమెను ముట్టుకోనివాళ్లు లేరు. ఒకరు రక్తం తీశారు, ఒకరు పొట్ట మీద చల్లటి జిగురు రాసి దాని మీద ఇస్త్రీపెట్టె లాంటిది తిప్పారు. పెద్ద డాక్టరు వచ్చి కుడివైపు వేళ్లతో మెల్లగా నొక్కి, చటుక్కున వదిలాడు. నొక్కినప్పుడు ఓర్చుకుంది గానీ వదిలినప్పుడు పై ప్రాణాలు పైనే పోయాయి.

"అపెండిక్స్ అమ్మా. బాగా వాచింది. ఇవాళే తీసేయాలి."

"ఇవాళంటే ఎప్పుడు బాబూ?"

"రెండింటికి థియేటర్ ఖాళీ అవుతుంది."

రెండు అంటే ఆరుకు ఇంకా నాలుగు గంటలు ముందు. లెక్క సరిపోయింది. ఉప్పమ్మ కాస్త ఊపిరి పీల్చుకుంది.

కాగితం మీద సంతకం పెట్టమన్నారు. వేలిముద్ర వేయమని ఇంకు డబ్బా జరిపితే ఉప్పమ్మ దాన్ని వెనక్కి నెట్టి, నొప్పితోనే మోచెయ్యి మీద లేచి, తనకు వచ్చిన మూడు అక్షరాలూ ఒక్కొక్కటే గీసింది. చచ్చేవాళ్లకైనా పరువుండాలి కదా. ఆ తర్వాత నర్సు పెన్ను పట్టుకుని మంచం పక్కన నిలబడింది.

"చివరిసారి ఎప్పుడు తిన్నారు?"

"నిన్న మధ్యాహ్నం."

"రాత్రి?"

"మెతుకు ముట్టలేదు."

"పొద్దున టీ, బిస్కెట్టు?"

ఉప్పమ్మ జవాబు చెప్పకముందే కోడలు అందుకుంది. "మా అత్తయ్య సంగతి మీకు తెలీదండీ. ఫ్యాక్టరీలో ఆఖరివాడు తిని లేచేదాకా ఏమీ ముట్టదు. ముప్పై ఏళ్ల నుంచి అంతే. కావాలంటే రెండు వందల మందిని అడగండి."

ఆ మాటలో సగం మెచ్చుకోలు, సగం పదకొండేళ్ల దుంపముక్క. నర్సు తల ఊపి రాసుకుంది. ఉప్పమ్మ కూడా తల ఊపింది. అబద్ధం చెప్పానని ఆమెకు అప్పుడు తోచనే లేదు. తినలేదు కాబట్టి తినలేదని చెప్పింది.

పక్క మంచం మీద పిత్తాశయంలో రాళ్లున్నావిడ ఒకతె కాళ్లు చాపుకుని కూర్చుని ఇదంతా వింటోంది. నర్సు వెళ్లగానే ఇటు తిరిగింది.

"అదృష్టవంతురాలివి. నాకూ ఈ పొద్దునే అవ్వాల్సింది ఆపరేషను. ఒక్క బిస్కెట్టు తిన్నానని థియేటర్ గుమ్మం దాకా తీసుకెళ్లి వెనక్కి తోలారు."

"బిస్కెట్టుకేనా?" అంది కోడలు.

"అదే నేనూ అన్నా. ఆ మత్తు డాక్టరమ్మ నా మీద లేచింది. మత్తిచ్చినప్పుడు మనిషికి గొంతు మీద అదుపు పోతుందట. కడుపులో ఏదున్నా పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారిపోతుందట. మనకు తెలీదు కదా, నిద్రలో ఉంటాం. నిద్రలోనే పోతాం."

రాళ్లావిడ ఆ మాట చెప్పి దుప్పటి సర్దుకుంది. ఉప్పమ్మకు ఒళ్లంతా చల్లబడింది.

ఒక్క బిస్కెట్టు.

కళ్లు మూసుకుంది. మూసుకున్న కళ్ల ముందు అయిదు గిన్నెలు వరసగా నిలబడ్డాయి. ఒక్కోదాంట్లోంచి గరిటె లేచింది, అరచేతిలోకి వంగింది. ఒకటి, రెండు, మూడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆమె లెక్క వేసింది. పది దాటాక వేళ్లు చాలక ఆగిపోయింది. అన్నం మెతుకులు కూడా, ఒక్కోసారి పిడికెడు, నలిపి చూసి నోట్లోనే వేసుకుంది. చెయ్యి ఖాళీగా విదిలించే అలవాటు లేదు ఆమెకు.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుందట. ఈ పిల్లి తాను తాగలేదని తానే నమ్మింది.

చెప్పాలి. నోరు తెరిచింది. ఎదురుగా కోడలు, అత్త చెవి దుద్దులు రావడం లేదని సబ్బునీళ్లు రాసి మెల్లగా తిప్పుతోంది. ఈ పిల్ల ముందు చెప్పాలా? వండే చెయ్యి, తినే చెయ్యి అని నలుగురిలో తిట్టిన పిల్ల ముందు, పొద్దున్నుంచి గరిటెలకు గరిటెలు తిన్నానని? రేపు ప్యాకింగ్ షెడ్డుకు తెలిస్తే, అక్కడ్నుంచి క్యాంటీనుకు ఎంతసేపు? ముప్పై ఏళ్ల మాట మూడు నిమిషాల్లో పోతుంది. ఆ పొయ్యి దగ్గర మళ్లీ నిలబడగలదా?

అదొక్కటే అయితే మింగేసేదేమో. ఇంకోటుంది. ఇప్పుడు చెబితే రాళ్లావిడను తోసినట్టే తననూ వెనక్కి తోస్తారు. ఎన్ని గంటలు ఆగమంటారో. ఈలోగా ఆరవుతుంది. ఇరవై నాలుగు గంటలు నిండుతాయి. ముక్కలక్క పెదనాన్న అరగంట ఆగాడు, తనకు ఆ అరగంట కూడా ఉంటుందో లేదో.

చెబితే ఆరింటికి పోతుంది. చెప్పకపోతే రెండింటికి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నొప్పి ఒకవైపు, భయం అన్నివైపులా.

"అత్తయ్యా, వణుకుతున్నావేంటి? చలా?"

"ఆఁ. చలి."

కోడలు తన తలగుడ్డ విప్పి ఆమె పాదాలకు చుట్టింది. ఆ గుడ్డ కంటే రెండు చెంపదెబ్బలు కొట్టినా ఉప్పమ్మకు తేలిగ్గా ఉండేది.

రెండు కావొస్తుండగా చక్రాల మంచం వచ్చింది. తోసే మనిషి గడ్డం తప్ప ఆమెకు ఏమీ కనబడటం లేదు. గడ్డం కింద సరిగ్గా గీయని నాలుగు వెంట్రుకలు. ఆ నాలుగు వెంట్రుకలనే చూస్తూ, ఇవే నేను చూసే ఆఖరి వెంట్రుకలు కాబోలు అనుకుంది. గుండె గుప్పిట్లో పెట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. కోడలు పక్కనే నడుస్తోంది, దుద్దులు కొంగున ముడివేసుకుని.

థియేటర్ గుమ్మం దగ్గర ఒకావిడ ఎదురొచ్చింది. నెత్తిన టోపీ, కళ్లజోడు, మెడలో వేలాడుతున్న ముఖం గుడ్డ. ఉప్పమ్మ వయసే ఉంటుంది. చేతిలో నర్సు రాసిన కాగితం.

"నేను మత్తు డాక్టర్నమ్మా. నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు, తాగలేదు. అంతేనా?"

"అంతేనండీ" అంది కోడలు.

"ఆవిణ్ణి చెప్పనివ్వండి."

ఉప్పమ్మ కోడలి వైపు చూసింది. "అమ్మాయ్, నువ్వెళ్లి మంచినీళ్లు తాగిరా."

"నాకు దాహం లేదు."

"ఆకలేస్తోందేమో, ఏదైనా తిను."

"నిన్ను లోపలికి పంపించి తింటాలే. ఆవిడ అడిగిందానికి చెప్పు."

తప్పించుకోవడానికి సందు దొరకలేదు. "తినలేదు" అంది ఉప్పమ్మ. డాక్టరమ్మ ఒక క్షణం ఆమె ముఖంలోకి చూసి, కాగితం మడిచి, తల ఊపింది. గడ్డం మనిషి మంచం ముందుకు తోశాడు. తలుపు రెక్కలు తెరుచుకున్నాయి. లోపల్నుంచి చల్లగాలి, దాని వెంట స్టీలు పళ్లేల మీద స్టీలు వస్తువులు పెడుతున్న చప్పుడు. అచ్చం క్యాంటీనులో గిన్నెలు సర్దే చప్పుడే. ముప్పై ఏళ్లు ఆ చప్పుడు ఆమె చేసింది, ఇవాళ ఆమె కోసం ఎవరో చేస్తున్నారు.

ఆమె చెయ్యి ఆమెను అడక్కుండానే లేచింది. ఆరు గిన్నెలు దించే చెయ్యి అది. గుమ్మాన్ని పట్టుకుంది. మంచం ఠక్కున ఆగిపోయింది. గడ్డం మనిషి పొట్ట మంచానికి తగిలి హమ్మా అన్నాడు.

"రుచి చూశాను" అంది ఉప్పమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు.

"పొద్దున. వంట రుచి చూశాను. నేను వంటమనిషిని."

డాక్టరమ్మ వెనక్కి వచ్చి ఆమె ముఖం మీదికి వంగింది. "ఎన్ని గిన్నెలు?"

"అయిదు."

"ఒక్కోదానికి ఎన్నిసార్లు?"

"రోజూ అయితే మూడు. ఇవాళ నాలుక బాలేదు. ఆరేడు."

"ఎంతెంత?"

ఉప్పమ్మ ఎడమ అరచెయ్యి విప్పి దొన్నెలా వంచి చూపించింది. చిన్న చెయ్యి కాదది. డాక్టరమ్మ ఆ చేతిని చూసింది, కోడలు చూసింది, గడ్డం మనిషి కూడా మెడ చాపి చూశాడు.

"ఆఖరుది ఎప్పుడు?"

"పదకొండుకు."

"ఇది రుచి కాదమ్మా. భోజనం. భోజనం మీద మళ్లీ భోజనం." డాక్టరమ్మ తిట్టినట్టు అనలేదు. అందుకే ఇంకా భయమేసింది.

ఉప్పమ్మ కోడలి వైపు చూడలేకపోయింది. గుమ్మం మీద చెయ్యి అలాగే ఉంది, వేళ్లు తెల్లబడ్డాయి. "నన్ను వెనక్కి పంపకండి. ఆరింటికి నాకు ఇరవై నాలుగ్గంటలు నిండుతాయి. ఆరు దాటితే బతకను."

"ఎవరు చెప్పారు?"

"ముక్కలక్క."

"ఆవిడ ఎక్కడ చదివింది డాక్టరీ?"

"ఉల్లిపాయలు కోస్తుందండీ" అంది కోడలు.

డాక్టరమ్మ పెదవులు కొంచెం కదిలాయి. "లోపల వాచినదానికి గడియారం చూడ్డం రాదమ్మా. నాలుగింటికి పగలొచ్చు, రేపటిదాకా పగలకపోవచ్చు. అందుకే ఆగం. వెనక్కి పంపం. పక్క మంచం ఆవిడ రాళ్లు రేపటిదాకా ఆగుతాయి, ఇది ఆగదు. కాకపోతే దారి మారుస్తాం. ముక్కులోంచి గొట్టం వేసి కడుపు ఖాళీ చేస్తాం. మెలకువగా ఉన్నప్పుడే. చేయించుకుంటారా?"

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కానీ చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత. ఉప్పమ్మ గుమ్మం వదిలింది.

గొట్టం ముక్కులోకి పోయేటప్పుడు, ముందు కళ్లలో నీళ్లు వచ్చాయి, తర్వాత గొంతులో పాము దూరినట్టు, తర్వాత ఊపిరి అందదని నమ్మకం. "మింగండి, మింగండి" అంటోంది డాక్టరమ్మ. మింగడమే జీవితమైన మనిషికి మింగడం చేతకాలేదు. మంచం అంచు మీద ఆమె చెయ్యి దేనికోసమో వెతికింది, కోడలి చెయ్యి దొరికింది. నలిపేసింది. ఆ పిల్ల చెయ్యి లాక్కోలేదు. ఇంకో చేత్తో పళ్లెం పట్టుకుని నిలబడింది.

గొట్టంలోంచి వచ్చింది పళ్లెంలో పడింది. ఎక్కువే పడింది. నలిగిన చిక్కుడు గింజల పొట్టు తెలుస్తోంది, దుంప తెలుస్తోంది, మెతుకులు తెలుస్తున్నాయి. పళ్లెం నిండబోతుంటే ఇంకో పళ్లెం తెచ్చారు. ముప్పై ఏళ్ల ఉపవాసం, రెండు పళ్లేలు.

అప్పుడు చూసింది ఉప్పమ్మ కోడలి ముఖంలోకి. వెక్కిరింపు కోసం వెతికింది. అక్కడ అది లేదు. కోడలి పెదవులు తెల్లగా ఉన్నాయి. గడ్డం వణుకుతోంది. ఆ భయం చూశాక ఉప్పమ్మకు తన భయం రెట్టింపయింది. ఇంత నోరున్న పిల్ల ఏమీ అనలేదంటే తన పని అయిపోయినట్టే అనుకుంది.

లోపల మంచం సన్నగా ఉంది. చేతులు రెండూ రెండు పలకల మీద పెట్టి కట్టారు. పైన పెద్ద దీపం, దాని గాజులో తన పొట్ట చిన్నగా, తెల్లగా కనిపించింది. ముక్కు మీద గొట్టం, దాని పైన ముఖానికి తొడుగు.

"మత్తు ఎక్కేటప్పుడు ఈ నర్సు మీ గొంతు మీద నొక్కుతుంది. మింగుడు పడనట్టుంటుంది. భయపడకండి, లోపలిది పైకి రాకుండా నొక్కుతోందన్నమాట" అంది డాక్టరమ్మ.

భయపడకండి అంటే భయం పోయేదైతే ప్రపంచంలో ఆసుపత్రులు పండగ చేసుకునే చోట్లు అయ్యేవి. గొంతు మీద రెండు వేళ్లు పడ్డాయి. చేతులు కట్టేసి ఉన్నాయి. అరవాలంటే తొడుగు. చివరగా ఆమెకు తోచింది కొడుకు గురించి కాదు, దేవుడి గురించి కాదు. ఆరో గిన్నెలో ఉప్పు వేశానా, వేయలేదా అని తోచింది. డబ్బాలో చెయ్యి పెట్టడం గుర్తుంది, తీయడం గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోబోతుండగా దీపం ఆరిపోయింది.

మెలకువ వచ్చేసరికి గొంతులో ఇసుక పోసినట్టుంది. కుడివైపు మంట. బతికిందో లేదో తేల్చుకోవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. చచ్చినవాళ్లకు ఇంత దాహం ఉండదని లెక్క తేల్చింది.

"ఎంతైంది?" అంది. మాట గాలిలా వచ్చింది.

"ఆరున్నర" అంది కోడలు. "ఆరు దాటి అరగంట. ముక్కలక్క పెదనాన్న పోయిన టైము."

ఉప్పమ్మ కళ్లు మూసుకుంది. ఆ గడియ దాటేదాకా తెరవలేదు.

బతికింది కదా అని భయం పోలేదు. దగ్గొస్తే కుట్లు తెగుతాయని భయం. తుమ్ము వస్తుందేమోనని ముక్కు చిట్లించడానికే భయం. లేచి నడవమన్నారు. నిలబడితే పొట్టలోవన్నీ కాళ్ల మీద పడతాయని ఆమె రెండు చేతులతో పొట్ట పట్టుకుని, నిండు గిన్నె మోస్తున్నట్టు నాలుగడుగులు వేసింది. నీళ్లు ఇవ్వరు. కింద నుంచి గాలి పోయేదాకా ఏమీ ఇవ్వరట. అదో అవమానం. పొద్దున ఒక నర్సు వచ్చి గాలి పోయిందా అంటుంది, మధ్యాహ్నం ఇంకో నర్సు గాలి పోయిందా అంటుంది, పెద్ద డాక్టరు పదిమందిని వెంటేసుకొచ్చి అందరి ముందూ అదే అడుగుతాడు. ముప్పై ఏళ్లు తలెత్తుకు తిరిగిన మనిషి దీనికోసం ఊరంతా ఎదురుచూసే స్థితికి వచ్చింది.

మత్తు డాక్టరమ్మ కూడా ఒకసారి వచ్చి నాడి చూసింది. "మీరు ఆ గుమ్మం పట్టుకోకపోయి ఉంటే" అని మొదలుపెట్టి, మిగతాది చెప్పకుండా దుప్పటి సర్ది వెళ్లిపోయింది. ఆ చెప్పని సగం ఉప్పమ్మతోనే ఉండిపోయింది. కళ్లు మూసుకుంటే గొంతు మీద రెండు వేళ్లు పడేవి. ఉలిక్కిపడి లేచేది. లేస్తే కుట్లు లాగేవి.

వీటన్నిటి కింద ఇంకో భయం, అన్నిటికంటే మొండిది. కోడలు ఎవరికి చెప్పింది?

అడగలేదు. అడిగితే గుర్తు చేసినట్టవుతుంది. కోడలూ ఎత్తలేదు. దుద్దులు తిరిగి చెవులకు పెట్టింది, తల దువ్వింది, ఏదీ మాట్లాడలేదు. మాట్లాడని కోడలి కంటే మాట్లాడే కోడలే నయమని ఉప్పమ్మకు మొదటిసారి అనిపించింది.

మూడో రోజు ముక్కలక్క వచ్చింది. ఉప్పమ్మ ముక్కుకు గొట్టం గీరిన చోట పుండు కట్టి ఉంది. ముక్కలక్క కళ్లు ముందు దాని మీదే పడ్డాయి.

"పొట్టలో ఆపరేషనైతే ముక్కుకి దెబ్బేంటి వదినా?"

ఉప్పమ్మ చేత్తో ముక్కు కప్పుకుంది. కోడలు కిటికీ దగ్గర గ్లాసు కడుగుతోంది. వెనక్కి తిరగకుండానే అంది. "లోపలికి పోయేటప్పుడు గుమ్మానికి కొట్టుకుంది. భయపడి పారిపోబోయిందిలే."

"మా వదినా? భయమా?" ముక్కలక్క నమ్మలేదు గానీ సంతోషించింది.

ఉప్పమ్మ మెల్లగా ఊపిరి వదిలింది. భయస్థురాలు అనిపించుకోవడం ఇంత తీయగా ఉంటుందని ఆమెకు తెలియదు. "మాంసంలో ఉప్పు వేశానా?" అని అడిగింది.

"వేయలేదు. నువ్వు వేశావనుకుని వడ్డించేశాం. నీకు అలా అయిందని ఎవరూ నోరెత్తలేదు. రెండు వందల మందీ చప్పగా తిని లేచారు." ముక్కలక్క గొంతు తగ్గించింది. "రెండ్రోజుల్నుంచి రుచి నేనే చూస్తున్నా వదినా. నువ్వెలా చేస్తావో గానీ నా వల్ల కావట్లేదు. ఆరు గిన్నెలూ రుచి చూసేసరికి కడుపు నిండిపోతోంది. రెండ్రోజులూ మధ్యాహ్నం అన్నమే తినలేకపోయా. నువ్వు మాత్రం ఖాళీ కడుపుతో ఎలా లాక్కొచ్చావమ్మా ఇన్నేళ్లు?"

కిటికీ దగ్గర గ్లాసు చప్పుడు ఆగిపోయింది. కోడలి భుజాలు కదిలాయి. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. ఉప్పమ్మకు కూడా కింద ఎక్కడ్నుంచో నవ్వు బయల్దేరింది. కుట్లు తెగుతాయి. రెండు చేతులతో పొట్ట అదిమి పట్టుకుని, కళ్లలో నీళ్లతో, "నవ్వకే, చస్తాను, నవ్వకే" అంది. ముక్కలక్క ఏం జరిగిందో తెలియక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ నవ్వు ఊపులో, మూడు రోజులుగా ఆసుపత్రి ఆసుపత్రంతా ఎదురుచూస్తున్న ఆ గాలి కాస్తా పోయింది. రాళ్లావిడ పక్క మంచం మీద్నుంచి నర్సును కేకేసింది.

సాయంత్రం కోడలు ఇంటి నుంచి పల్చటి జావ తెచ్చింది. గ్లాసులో పోసింది. ఉప్పమ్మ చెయ్యి చాపింది. కోడలు ఇవ్వలేదు. ఎడమ అరచెయ్యి వంచి, అందులో ఇంత పోసుకుని, ఊది, అత్త కళ్ల ముందే నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది. పదకొండేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ చూడని దృశ్యం.

ఉప్పమ్మ నాలుక చివరిదాకా ఆ పాత మాట వచ్చింది. వచ్చిన మాటను లోపలికి తీసుకుంది. గొంతు ఇంకా గీరుతోంది, ఆ మాట కూడా గీరుకుంటూనే దిగింది.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. ముప్పై ఏళ్లలో ఆమె ఇంకొకరిని ఈ మాట అడగలేదు.

"నాకేం తెలుసు? నేను తినలేదుగా" అంది కోడలు గ్లాసు అందిస్తూ. "రుచి చూశానంతే."

ఉప్పమ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. మొదటి గుటక నోట్లో ఉంది, మింగడానికి భయంగా ఉంది. ఎక్కడ అడ్డం పడుతుందో, ఎక్కడ తెగుతుందో. కోడలి చెయ్యి ఆమె వీపు మీద ఉంది. చాలాసేపు అలాగే పట్టి ఉంచి, కళ్లు గట్టిగా మూసుకుని మింగింది.

"ఉప్పు తక్కువైంది" అంది.

"తెలుసు" అంది కోడలు. "మింగు."